తాయారు ముద్ద, యంత్రం తీర్పు

యంత్రం మీద ఎర్రదీపం వెలిగింది. "భాగస్వామి కాదు" అని తెర మీద అక్షరాలు.

తాయారుకి ఒళ్ళు మండిపోయింది. డేనియల్‌తో కాపురం నిన్నా మొన్నా మొదలైందా? కులం, మతం అంటూ రెండిళ్ళవాళ్ళూ తలుపులు మూసినప్పటి నుంచీ ఒకే గదిలో, ఒకే కంచంలో తిని బతికారు. పెళ్ళి కాగితం ఒక్కటే లేదు. ఇప్పుడతను ఆసుపత్రి మంచం మీదున్నాడు. రేపు గుండె ఆపరేషన్. తాయారు పనిచేసే కంపెనీ ఇన్సూరెన్స్ ఒప్పుకోకపోతే అదీ లేదు.

కాగితాల్లేని జంటల కోసమే విశాఖలోని ఆ బ్యాటరీల కంపెనీ ఈ యంత్రాన్ని పెట్టింది. మనందరి చర్మం మీదా కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయి. కలిసి బతికేవాళ్ళవి ఒకరి నుంచి ఒకరికి పాకి, ఒకేలా తయారవుతాయి. అరచేతులు తుడిచి, ఆ శాంపిళ్ళు పోల్చి చూస్తే చాలు. సాక్షులక్కర్లేదు, ఫోటోలక్కర్లేదు. అబ్బో, ఎంత తెలివి!

"యంత్రం అబద్ధం చెప్పదమ్మా," అన్నాడు అదే కంపెనీలో పనిచేస్తూ దాన్ని తయారుచేసిన డాక్టర్ పరాంకుశం, తాపీగా.

"అయితే నేను చెబుతున్నానా? నెల్లాళ్ళుగా ఆయనకి యాంటీబయోటిక్స్ ఎక్కిస్తున్నారు. పూటపూటకీ స్పిరిట్‌తో తుడుస్తున్నారు. ఆ చేతి మీద ఇంకేం మిగులుతాయండీ?"

పరాంకుశం నాలిక కరుచుకున్నాడు. పరీక్షలన్నీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీదే చేశాడు మహానుభావుడు! "నిజమే. జబ్బు మనిషికి ఇది పనిచెయ్యదు."

"జబ్బే లేనివాడికి ఇన్సూరెన్స్ ఎందుకయ్యా!"

అంతలో పచ్చదీపం వెలిగింది. దొంగ జంటల్ని పట్టడానికి ఇంకో ఏర్పాటు కూడా ఉంది దాంట్లో. చెప్పిన పేరు తప్పయితే, అసలు జోడీ ఎవరా అని ఉద్యోగులందరి శాంపిళ్ళూ వెతుకుతుంది. వెతికింది. "తాయారు భాగస్వామి: పరాంకుశం. కవరేజీ మంజూరైంది."

క్యాంటీన్‌లో మధ్యాహ్నం పూట తాయారు ఆవకాయన్నం కలిపి అందరి చేతుల్లో ముద్దలు పెడుతుంది. అందరికంటే ముందు చెయ్యి చాపేది, గిన్నె ఖాళీ అయ్యేదాకా చాపుతూనే ఉండేది ఈయనే. ఏళ్ళ తరబడి తిన్నాడు.

ఆయన ఫోన్ మోగింది. కొత్త భాగస్వామి నమోదైనందున భార్య పేరు తొలగించారట. పరాంకుశం మొహం పాలిపోయింది.

"అయ్యయ్యో! ఇది మార్చాలంటే కమిటీ కూర్చోవాలి. చాలా రోజులు పడుతుంది..."

"ఎందుకండీ మార్చడం?" తాయారు మండిపడింది. "రేపు పొద్దున్నే వచ్చి ఆ ఆపరేషన్ బల్ల మీద మీరే పడుకోండి. కవరేజీ మీకేగా వచ్చింది!"