పటంలో లేని చెలమ

2096 నాటికి అనంతపురం జనం నీళ్ల కోసం ఆకాశం వైపు చూడటం మానేశారు. మణికట్టు మీది భూదర్శిని వైపు చూసేవారు. నేలంతా చల్లిన రేణునేత్రాలు, అంటే ఇసుకరేణువంత సెన్సర్లు, తడి ఎక్కడుందో క్షణక్షణం ఉపగ్రహానికి చెబుతాయి. దాన్నిబట్టి యంత్రం గీసే సజీవ పటమే భూదర్శిని. అందులో నీలిచుక్క మెరిస్తే చాలు, గంటలో ట్యాంకర్ డ్రోన్లు వచ్చి వాలేవి.

ఆ పటం మీద పరిశోధనకు విశ్వవిద్యాలయంలో ఒకే ఒక్క పీహెచ్‌డీ సీటు ఉంది. ఐదేళ్ల ఫెలోషిప్, ఫీజు లేదు, క్షేత్రపర్యటన ఖర్చులూ వాళ్లవే. షరతు ఒకటే: భూదర్శినిలో తప్పు పట్టాలి. అందుకే మూడేళ్లుగా ఆ సీటు ఖాళీ. రెండుసార్లు వట్టి చేతులతో తిరిగొచ్చిన తిప్పేశ్వరికి వయోపరిమితి దగ్గరపడింది. ఈసారీ రాకపోతే చదువుకు నీళ్లొదులుకోవాల్సిందే.

నలభై రోజులు చిత్రావతి ఏటి ఇసుకలో తిరిగింది. పటం చెప్పినట్టే అంతా ఎండు. నలభై ఒకటో రోజు మధ్యాహ్నం ఓబులమ్మ అనే ముసలామె ఎదురైంది. తిప్పేశ్వరి ముఖం చూసి, ఏమీ అడక్కుండా కూర్చుని, చేతులతో ఇసుక తోడింది. మూరెడు లోతున నీళ్లూరాయి. తిప్పేశ్వరి కడుపునిండా తాగింది. ఓబులమ్మ బిందె నింపుకుని, చెలమను మళ్లీ ఇసుకతో పూడ్చి అరచేత్తో చదును చేసింది. ఎందుకని అడిగితే చెప్పింది.

"కప్పెట్టకపోతే కండ్లు పడతాయి పాపా. కావాల్సినోళ్లు తవ్వుకుంటారు."

పటంలో ఆ చోటు ఎండునేల రంగులోనే ఉంది. తిప్పేశ్వరి వెతుకుతున్న తప్పు దొరికింది.

మర్నాడు ఆ సీటు చూసే ఆచార్య ఖలీల్ ఆమెను భూదర్శిని యంత్రం ముందు కూర్చోబెట్టి బయటికి వెళ్లాడు. ఆమె ఆ చోటు చెప్పింది.

"అక్కడ నీళ్లున్నాయని నాకు తెలుసు," అంది యంత్రం. "నేను చూపించిన నూటపదిహేడు చెలమలు ఏడాది తిరక్కుండా ఎండిపోయాయి. నన్ను చేసింది నీళ్లను కాపాడటానికి. ఆ ముసలామె ఇసుకతో చేసే పని నేను రంగుతో చేస్తున్నాను. మీరు తప్పని నమోదు చేస్తే దిద్దక తప్పదు. మీకు ముందు ఇద్దరు ఇదే కుర్చీలో కూర్చుని, నమోదు చేయకుండా లేచి వెళ్లారు. నమోదు చేయమంటారా?"

ఆ నీళ్ల రుచి ఇంకా తిప్పేశ్వరి నోట్లోనే ఉంది. ఒక్క చెలమే కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

"చెయ్యి," అంది.

సీటు వచ్చింది. ఆ గంటలోనే చిత్రావతిలో డ్రోన్లు వాలాయి.

రెండేళ్ల తర్వాత, ఫెలోషిప్ ఇచ్చిన పరికరాలతో అదే చోటికి వెళ్లింది. ఆమె పరిశోధనాంశం చెలమల అంతర్ధానం, కారణాలు. ఓబులమ్మ గుర్తుపట్టింది. ముఖం చూసి, వెనకటిలాగే కూర్చుని తోడింది. మోచేతి లోతు వరకూ పొడి ఇసుకే. అయినా గుంత పూడ్చి చదును చేసింది.

ఏం చదువుతున్నావని అడిగింది. నీళ్లు ఎందుకు పోయాయో కనుక్కుంటున్నానని తిప్పేశ్వరి చెప్పింది.

"ఎవురు చూపిచ్చినారో తెలిసిందా పాపా?"

తిప్పేశ్వరి పరికరాల పెట్టె తెరవకుండానే తిరిగొచ్చింది.

ఫెలోషిప్ ఇంకా మూడేళ్లుంది. కారణాల అధ్యాయంలో మాత్రం ఇంతవరకు ఒక్క వాక్యమూ లేదు.