మూతి కుడివైపున్న గరిటె

"వీటిని అమ్ముతున్నారా, కాపలా కాస్తున్నారా?"

ఆమె నాతో అన్న మొదటి మాట ఇది. నిచ్చెన మీద నుంచి అంది.

శనివారం సంత. పైన రేకుల కప్పు, దాని మీద వాన. నా పక్క బల్ల గొడుగులు బాగుచేసే ఆయనది. ఆయనకి బోర్డు రాయడానికి వచ్చింది ఆమె. బోర్డుల మాస్టారి కూతురు. కుంచె ఎడం చేత్తో పట్టుకుని, నాలిక కొస బయటపెట్టి రాస్తోంది. గంటసేపటి నుంచి నేను ఆ చెయ్యే చూస్తున్నానని ఆమెకి తెలీదనుకున్నాను. తెలుసట. చాలా ఏళ్ళ తరవాత చెప్పింది.

నేను చెక్క గరిటెలు చేసేవాణ్ణి. పని నా చేతికి తెలుసు, నోటికి తెలీదు. గరిటెలన్నీ బల్ల మీద కుప్పపోసి వెనక కూర్చునేవాణ్ణి. అంతకుముందే ఒకావిడ ఒకటి తీసి "ఇది దేనికి బాబూ?" అంది. "కలపడానికి" అన్నాను. ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు చూసి వెళ్ళిపోయింది.

"మీ బోర్డు మీరు చూసుకోండి" అన్నాను నిచ్చెన వైపు. ఆ రోజుకి అదే నా పెద్ద ప్రసంగం.

"చూసుకుంటాలెండి. మీరే జాగ్రత్త. పొయ్యిలోకి పుల్లలనుకుని ఎవరైనా ఎత్తుకుపోతారు."

గొడుగులాయన పడీపడీ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. వాన మాత్రం ఆగకూడదనిపించింది. ఆగితే ఆమె వెళ్ళిపోతుంది.

మా బావకి సామిల్లు ఉంది, రెండు రోజుల ప్రయాణం. "నాలుగు శనివారాలు చూస్తాను బామ్మర్దీ. నాలుగో శనివారం సాయంత్రానికి నీ బల్ల ఖాళీ అయితే నీ దారి నీది. లేదంటే నోరు మూసుకుని లారీ ఎక్కు" అన్నాడు. నోరు మూసుకోవడం నాకు కష్టం కాదు. మిల్లులో పొద్దస్తమానం పలకలు కొయ్యడమే కష్టం. ఆ సంగతి గొడుగులాయన ఆమె చెవిన వేశాడు.

రెండో శనివారం పొద్దున్నే ఆమె తాడు, అట్టముక్కలు పట్టుకుని వచ్చింది.

"లేవండి."

"ఎందుకు?"

"కూర్చున్న మనిషి దగ్గర ఎవరూ ఆగరు. నిలబడి ఏదో ఒకటి చెక్కుతూ ఉండండి. జనం వాళ్ళే ఆగుతారు. మీరు మాట్లాడక్కర్లేదు, భయపడకండి."

తాడు కట్టి గరిటెలు వేలాడదీసింది. ఒక్కోదానికీ అట్టముక్క మీద రేటు రాసి తగిలించింది.

"అడిగితే చెబుతానుగా" అన్నాను.

"అడగడానికి మొహమాటపడేవాళ్ళు అడక్కుండానే పోతారు. మీలాంటివాళ్ళు లోకంలో ఇంకా ఉన్నారు రాయిగారూ."

"రాయిగారెవరు?"

"బెల్లం కొట్టిన రాయి ఎవరో ఆయనే."

తరవాత బకెట్‌తో నీళ్ళు, ఒక గ్లాసు తెచ్చి బల్ల చివర పెట్టింది. ముంచి చూసుకోవడానికట. చేతిలోకి వచ్చిన వస్తువు సగం అమ్ముడైనట్టే అంది. ఇవన్నీ ఎవరు నేర్పారని అడిగాను.

"ఎవరు నేర్పుతారు? నాన్న మంచి మంచి బోర్డులు రాసిన కొట్లు కూడా మూతపడ్డాయి. ఎందుకా అని చూస్తూ పెరిగాను."

ఆ రోజు తొమ్మిది అమ్మాను. మూడో శనివారం పద్నాలుగు. అయినా సగం బల్ల మిగిలింది. ఆమె గరిటెతో నీళ్ళు ముంచి గ్లాసులో పోసింది. సగం కింద పోయాయి.

"దీనికి మూతి పెట్టరేం? పక్కన కొంచెం నొక్కు ఉంటే ధార సరిగ్గా పడుతుంది కదా. అసలు ఎవరికోసం చేస్తారు ఇవి?"

"అందరికీ."

"అందుకే ఎవరికీ పట్టట్లేదు. ఒక్క మనిషిని తలుచుకోండి. ఆ మనిషి చెయ్యి ఎంత, ఎలా పట్టుకుంటుంది, ఎలా వంచుతుంది. కళ్ళ ముందు పెట్టుకుని చెయ్యండి. తరవాత అమ్మడం నాకొదిలెయ్యండి."

ఇంటికెళ్ళాను. ఒక్క మనిషిని తలుచుకోమంది. తలుచుకోవడానికి నాకు పెద్దగా కష్టపడాల్సిన పని లేకపోయింది. ఆ వారమంతా తలుచుకుంటూనే చెక్కాను. పాతవన్నీ పక్కన పడేసి ఇరవై కొత్త గరిటెలు, ఇరవైకీ మూతి. ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. నీళ్ళలో ముంచి చూసుకునే తీరిక కూడా లేదు.

నాలుగో శనివారం. బావ లారీ సంత గేటు దగ్గర నిలిపి, వచ్చి నా స్టూల్ మీద కూర్చున్నాడు. ఆమె ఇంకా రాలేదు.

మొదట ఒక పెద్దావిడ ముంచింది. గ్లాసు వైపు వంచింది. నీళ్ళు మూతిలోంచి రాకుండా ఇటువైపు అంచు మీదుగా పొర్లి ఆవిడ చీర మీద పడ్డాయి.

"ఏం నాయనా, నా మీదేమైనా కోపమా?"

ఇంకొకాయన ముంచాడు. ఆయన చెప్పులు తడిశాయి. మూడో ఆవిడ మణికట్టు అటు మెలిపెట్టి, ఇటు మెలిపెట్టి, "వంకర గరిటె" అని పెట్టేసి పోయింది.

అప్పుడు చూసుకున్నాను. మూతి కుడివైపు ఉంది. ఇరవైకి ఇరవై. కుడి చేత్తో పట్టుకునేవాళ్ళకి ఎడమవైపు ఉండాలి.

"బామ్మర్దీ, సంచీ సర్దుకో" అన్నాడు బావ. గొంతులో జాలి కూడా ఉంది.

అంతలో ఆమె తడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "ఇదేంటి, ఒక్కటీ కదల్లేదా? రేట్లు ఎక్కువ రాశానా?" అంటూనే ఒకటి తీసుకుంది. ముంచింది. పోసింది.

చుక్క కింద పడలేదు.

ఇంకొకటి తీసింది. ఇంకొకటి. నాలుగోది తీసుకుని ఆగిపోయి తన చెయ్యి చూసుకుంది. ఎడమ చెయ్యి.

"మా ఇంట్లో ఏ గరిటె పట్టుకున్నా ఒలకబోస్తానని తిట్టేవాళ్ళు" అంది నెమ్మదిగా. "ఎవర్ని తలుచుకుని చేశారు ఇవి?"

నేను ఉలి తుడుస్తున్నాను. అది ఎప్పుడో శుభ్రమైపోయింది.

"వాడు చెప్పడమ్మా" అన్నాడు బావ. "వాడి చెవులు చూడు, అవే చెబుతున్నాయి."

ఆమె మొహం తిప్పేసుకుంది. కోపమొచ్చిందనుకున్నాను. రంగు డబ్బా తెరిచి, ఒక అట్ట తీసి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: 'పుర్రచేతి వాటం వాళ్ళకి మాత్రమే.' నిచ్చెనెక్కి కట్టింది. దిగేటప్పుడు కూడా నా వైపు చూడలేదు.

పుర్రచేతివాళ్ళు అంతమంది ఉంటారని నాకు తెలీదు. ఒక టైలరమ్మ వచ్చింది. రెండు పోసి చూసుకుని, "నలభై ఏళ్ళకి నా చెయ్యి ఒకడు చూశాడు" అని మూడు తీసుకుంది. ఒకాయన వెళ్ళి తమ్ముణ్ణి తీసుకొచ్చాడు. కుడిచేతివాళ్ళు కూడా చుట్టూ చేరి, మా వదినకొకటి, మా మేస్త్రీకొకటి అని పట్టుకెళ్ళారు. చీకటి పడేముందు ఒక్కటి మిగిలింది.

ఒక నర్సు వచ్చి దాన్ని అడిగింది.

"అమ్మను" అన్నాను.

ఆమె నిచ్చెన మడుస్తున్నదల్లా ఆగిపోయింది. బావ లేచి నిలబడ్డాడు. "మతి పోయిందా? మాటంటే మాటే. బల్ల ఖాళీ కాకపోతే లారీ ఎక్కాలి."

"ఎక్కుతాను. ఇది అమ్మను."

"ఎందుకమ్మవో అది చెప్పు."

గొడుగులాయన కూడా చేతిలో పని ఆపేశాడు. గరిటె తీసుకెళ్ళి నిచ్చెన దగ్గరున్న ఆమె ముందు పెట్టాను.

"ఇది నీది. మిగతావి దీన్ని చూసి చేసినవి."

అన్ని మాటలు నేనే అన్నానా అనిపించింది. అప్పటిదాకా మీరు అనేవాణ్ణని కూడా మరిచిపోయాను.

ఆమె దాన్ని ఎడం చేత్తోనే అందుకుంది. "బల్ల ఖాళీ అయిందండీ అన్నయ్యగారూ, చూసుకోండి" అంది బావతో. బావ బల్ల చూశాడు, నన్ను చూశాడు, ఒక్కడే వెళ్ళి లారీ ఎక్కాడు.

వాళ్ళ నాన్న, బోర్డుల మాస్టారు, మర్నాడు నన్ను పిలిపించారు. ఆ గరిటెని చేతిలో తిప్పి తిప్పి చూశారు. "చిన్నప్పుడు ఆ చేత్తో రాస్తోందని వేళ్ళ మీద కొట్టాను బాబూ" అన్నారు. చాలాసేపు ఇంకేం మాట్లాడలేదు. నాకు తగిన మావగారే అనుకున్నాను. చివరికి, "మీ ఇద్దరి కొట్టుకీ బోర్డు నేను రాస్తాను" అన్నారు.

ఆ బోర్డు ఇప్పటికీ ఉంది, రంగు వెలిసింది. కొట్టు మనవరాలు చూసుకుంటోంది. ఫోన్‌లో ఫోటోలు పెట్టి ఎక్కడెక్కడికో పంపుతోంది. మొన్న ఒక ఫారం నింపుతూ అడిగింది. "తాతా, మన కస్టమర్ ఎవరని రాయమంటావ్?"

నేను వంటింటి వైపు వేలు చూపించాను. లోపల ఆమె పాలు పోస్తోంది. అదే గరిటె. యాభై ఏళ్ళకి అంచు అరిగింది, ధార మాత్రం చెదరలేదు.

"ఆయన వేలు చూపించి ఊరుకుంటారే" అంది లోపలి నుంచి, చూడకుండానే. "నోటితో చెప్పమను."

చెప్పాను. మనవరాలు పడీపడీ నవ్వింది.