కొత్త వైరు వద్దనుకున్నవాడు

"పెద్ద ఫ్యూజు వేసేస్తే సరిపోతుంది కదండీ" అన్నాడు కేకులబ్బాయి, ఎవరికీ తట్టని ఉపాయం తనకే తట్టినట్టు.

స్టూలు మీద నిలబడి మీటరు బోర్డు చూస్తున్న అమ్మాయి వెనక్కి కూడా తిరగలేదు. "సరిపోతుంది. ఫ్యూజు పోదు, ఇల్లు పోతుంది" అంది.

వాళ్ళ పరిచయం అలా మొదలైంది. ఇంకాస్త అందంగా మొదలైతే బాగుండేదని అతను తర్వాత చాలాసార్లు అనుకున్నాడు కానీ, అప్పటికి మాత్రం ఒళ్ళు మండింది. వంటింటి వెనక గదిలో కొత్త ఓవెన్ పెట్టుకుని కేకుల వ్యాపారం మొదలుపెట్టాడు. సరిగ్గా కేకు పొంగే వేళకి ఫ్యూజు పోయేది. పొంగిందంతా కుంగిపోయేది. ఆర్డరు ఇచ్చినవాళ్ళకి క్షమాపణలు, ఇంట్లోవాళ్ళకి కుంగిన కేకు.

ఆమె లైసెన్సున్న వైరింగ్ కాంట్రాక్టరు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు తాతయ్య కాలం నాటిదని, నాలుగు బల్బులకీ రెండు ఫ్యాన్లకీ సరిపడా లాగిందని చెప్పింది. ఇప్పుడు దాని మీద గీజరు, నాయనమ్మ ఏసీ, నాన్న ఇస్త్రీ పెట్టె, ఇవి చాలవన్నట్టు ఓవెన్. వైరు మోయగలిగినదానికి మించిన ఫ్యూజు వెయ్యకూడదన్నది రూలు. లావు వైరు లాగించుకుంటే తప్ప ఓవెన్ వాడుకోవచ్చని సంతకం పెట్టనని తెగేసి చెప్పింది.

"అప్పటిదాకా ఏం చెయ్యమంటారు?"

"ఒకటి వేస్తే ఇంకోటి ఆపండి. ఏది వేసినా ముందు అందరికీ వినపడేలా చెప్పండి."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కేకలే కేకలు. గీజరు వేస్తున్నానని అమ్మ, ఇస్త్రీ అయిపోయిందని నాన్న, ఓవెన్ ఇంకా దించలేదని కొడుకు. చేతిరుమాలు కూడా ఇస్త్రీ లేకుండా జేబులో పెట్టని నాన్న, కేకు దిగేదాకా నలిగిన చొక్కాతో కూర్చునేవాడు. నాయనమ్మ మాత్రం ఎవరికీ చెప్పకుండా ఏసీ వేసుకుని, లైట్లు మసకబారగానే దుప్పటి ముసుగేసి నిద్ర నటించేది.

వైరు వేడెక్కుతోందేమో చూడాలంటూ ఆ అమ్మాయి రోజూ సాయంత్రం వచ్చేది. ఇంట్లో అందరూ ఆమెని కరెంటమ్మాయి అనడం మొదలుపెట్టారు. ఆమె వైరు చుట్టూ మీటరు తగిలించి అంకె చూసేది. అతను అంకె చూస్తున్నట్టు నటిస్తూ ఆమెని చూసేవాడు. ఆమె తలెత్తితే చాలు, అతని చూపు గోడ మీది బల్లి వైపు పారిపోయేది.

"ఆ బల్లి ఎంత కరెంటు తీసుకుంటుందండీ?" అని ఒకసారి ముఖం మామూలుగా పెట్టి అడిగింది. అతను రెండు రోజులు తలుచుకుని తలుచుకుని నవ్వుకున్నాడు.

కేకు పెడితే, పనిలో ఉండగా తిననని మొదట బెట్టు చేసింది. తర్వాత పెట్టని రోజున ఇవాళ ఓవెన్ వెయ్యలేదా అని తనే అడిగింది.

కొత్త వైరు ఎప్పుడొస్తుందని అడిగినప్పుడల్లా, కరెంటాఫీసు వాళ్ళు ఇదిగో అదిగో అంటున్నారని చెప్పేవాడు. నిజానికి అతను ఆ ఆఫీసు గడప తొక్కితే కదా. కొత్త వైరు పడితే ఆమెకి ఈ ఇంట్లో పనేముంటుంది? ఆ ఆలోచన రాగానే కాళ్ళు అటు నడిచేవి కావు. ప్రేమలో పడ్డవాడి బుద్ధి గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

తొలి వాన పడిన సాయంత్రం, గోడ దగ్గర సర్వీసు వైరు చిటపటమని పొగలు కక్కింది. అతను మెయిన్ ఆపాడు కానీ, స్తంభం దగ్గర ఆపితే తప్ప ఆ వైరులో కరెంటు పోదు. నాయనమ్మని ముందు గదిలోకి తీసుకొచ్చి, కరెంటమ్మాయికి ఫోన్ చేశాడు. లైన్‌మాన్‌ని వెంటబెట్టుకుని వానలోనే వచ్చింది. లైన్‌మాన్ స్తంభమెక్కి కనెక్షన్ విప్పి దిగాడు. వైరు ఇంత పాడైనా ఈ ఇంటి నుంచి ఒక్కరూ వచ్చి కొత్తది కావాలని అడగలేదేమని గొణుగుతూ వెళ్ళిపోయాడు.

ఆమె కేకులబ్బాయి వైపు తిరిగింది. ముంగురుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇంకో రోజైతే ఆ ముఖాన్ని తలుచుకుంటూ వారం రోజులు నిద్ర మానేసేవాడు. ఇవాళ తలెత్తి చూడలేకపోయాడు.

"మీరు అడగనే లేదా?"

"లేదు."

"ఆ వైరు కింద కిటికీ పక్కనే మీ నాయనమ్మగారు పడుకుంటారు."

తెలుసన్నాడు. తెలిసీ ఎందుకు ఊరుకున్నాడని ఆమె అడిగింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"కొత్త వైరు పడితే మీరు రారు కదా."

"మనిషిని చూడాలంటే ఇల్లు కాల్చుకోనక్కర్లేదు. రమ్మంటే చాలు" అంది. ఆ గొంతులో ఉన్నది కోపమో ఏడుపో అతనికి అర్థమయ్యేలోపే వెళ్ళిపోయింది.

మర్నాడు ఆఫీసు తలుపులు తెరవకముందే అతను అక్కడ ఉన్నాడు. కొద్ది రోజుల్లో లావు వైరు పడింది. ఆమె వచ్చి బోర్డు మార్చింది, ఎర్త్ సరిచూసింది, సంతకం పెట్టింది. అమ్మతో మాట్లాడింది, నాన్నతో మాట్లాడింది, నాయనమ్మకి ఏసీ రిమోటు చేతికిచ్చింది. అతని వైపు మాత్రం చూడలేదు.

ఆమె వెళ్ళాక అన్నీ ఒకేసారి వేసి చూశారు. ఒక్క లైటు కూడా మసకబారలేదు. కేకు చక్కగా పొంగింది. అతనికి దాని వైపు చూడబుద్ధి కాలేదు. ఇల్లంతా బోసిగా అనిపించింది. భయపడుతూనే ఫోన్ తీశాడు.

"ఇంట్లో అన్నీ బాగానే ఉన్నాయి. ఏదీ పాడవలేదు. అయినా మీరు రావాలి" అన్నాడు.

అవతల ఫోన్ కట్టయింది.

సాయంత్రం తలుపు చప్పుడైతే అమ్మ తీసింది. ఎదురుగా ఆమెని చూసి కంగారుపడి, మళ్ళీ ఏం పాడైందమ్మా అని అడిగింది.

"ఏమీ లేదండీ. రమ్మన్నారు, వచ్చాను."

అమ్మ కొడుకు వైపు ఒకసారి, ఆ అమ్మాయి వైపు ఒకసారి చూసి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా పాలు పొంగుతున్నాయంటూ లోపలికి నడిచింది.

"మీకో సంగతి చెప్పాలి" అంది ఆమె, మొదటిసారి కళ్ళు దించుకుని. "ఆ వైరుని రోజూ చూడాలని ఏ రూల్లోనూ లేదు. వారానికోసారి చూస్తే చాలు."

అతనికి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. "మరి రోజూ..." అన్నాడు.

"రోజూ వైరు కోసమే వచ్చిందనుకున్నావట్రా?" లోపలి గదిలోంచి నాయనమ్మ గొంతు వినిపించింది. "ఈ ఇంట్లో ఆ సంగతి తెలియంది నీ ఒక్కడికే. ఆ పిల్లని గుమ్మంలో నిలబెట్టక లోపలికి రానియ్యి."