నిమిషానికి పదిహేను

ఆఫీసులో ఆమెని అందరూ నిద్రమాత్ర అనేవారు. ప్రాసెసర్లని నిద్రపుచ్చడమే ఆమె ఉద్యోగం మరి. యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాములో, అంటే కెర్నెల్లో, టైమర్ మోగిన ప్రతిసారీ ప్రాసెసర్ ఉలిక్కిపడి లేస్తుంది, బ్యాటరీ తింటుంది. పనికిరాని మేలుకొలుపులు ఏరిపారేస్తే కరెంటు పోయినా యంత్రం ఎక్కువసేపు నడుస్తుంది. ఆమె చేతిలోని యంత్రమేమో రోగులకి ఊపిరి అందించే వెంటిలేటర్.

సెలవురోజు, మధ్యాహ్నం. నేలమాళిగలో ఉన్న ల్యాబ్‌కి కిటికీలు లేవు. ఏసీ ఆపేయడంతో వేడెక్కిన ప్లాస్టిక్ వాసన గొంతులో పట్టుకుంది. అరలో దొరికిన వెంటిలేటర్ పెట్టె ఒకదాన్ని బ్యాటరీ మీదే ఉంచి, కరెంటు వాడకం కొలిచే మీటరుకి తగిలించి, కాలుగాలిన పిల్లిలా బల్ల చుట్టూ తిరుగుతోంది ఆమె.

పెట్టెకి ఏ పనీ చెప్పలేదు. హాయిగా పడుకోవాలి. కానీ నాలుగు సెకన్లకోసారి మీటరు ముల్లు ఎగురుతోంది. ఒక్కో టైమర్ నోరూ మూయించింది. అయినా ఎగిరింది. లేపమన్నదెవరో యంత్రం రాసుకునే లాగ్‌లో వెతికింది. పేరుండాల్సిన చోట ఖాళీ.

విసుగొచ్చి బ్యాటరీ ఊడబెరికింది.

ముల్లు ఎగిరింది...

తలుపు కిర్రుమంది. తాళాలు వేయడానికొచ్చిన టెక్నీషియన్, అందరికీ బాబాయే.

"ఇంకా ఇల్లు చేరలేదా తల్లీ?"

"బాబాయ్, బ్యాటరీ ఇక్కడుంది. ముల్లు చూడండి."

చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఈ పెట్టెనెందుకు తీశావ్?" గొంతు తగ్గించాడు. "వార్డు నుంచి తిరిగొచ్చింది. ఎవరో పెద్దావిడ... నిమిషానికి పదిహేను ఊపిర్లు పెట్టారట. మధ్యలో యంత్రం నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు."

పదిహేను. అంటే నాలుగు సెకన్లకొకటి.

కిందటి నెల కోడ్‌లో ఇలా లెక్కగా ప్రాసెసర్‌ని లేపే లైనొకటి కనిపిస్తే, దీంతో ఎవరికి పనిలే అని తనే చెరిపేసింది.

"నేనే తీసేశాను, బాబాయ్."

పెట్టె మీదికి వంగింది. "తప్పయిపోయింది... మళ్ళీ పెట్టేస్తాను."

ముల్లు ఆగిపోయింది.

చెవుల్లో గుయ్యిమనే నిశ్శబ్దం. ఆమె నోరు తెరిచింది. గాలి లోపలికి రాలేదు...

"ఊపిరి తీసుకో తల్లీ!"

రాలేదు. ఒకటి... రెండు... మూడు... నాలుగు. అప్పుడు ఛాతీ దానంతటదే లేచింది. బాబాయ్ ఆమెని రెక్క పుచ్చుకుని మెట్లమీదికి ఈడ్చుకుపోయాడు.

జరిగిన పొరపాటంతా మర్నాడే రాసిచ్చింది. ఆ లైను తిరిగి పెట్టింది. వార్డుల్లో ఉన్న యంత్రాలన్నీ వెనక్కి రప్పించారు. ఆ పెట్టెని ముక్కలు చేశారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా తేలలేదు. ఆ బెంగ కూడా ఆమెకి పట్టలేదు.

వారం తర్వాత డాక్టరు దగ్గరికెళ్ళింది. ఆయన కూర్చోబెట్టి నిమిషానికెన్ని ఊపిర్లో లెక్కపెట్టాడు: పదిహేను. మూడంతస్తులు ఎక్కించి మళ్ళీ లెక్కపెట్టాడు: పదిహేనే.

"కావాలని లెక్కగా తీసుకుంటున్నారా?"

"లేదండీ."

"ఒక్కసారి ఊపిరి బిగపట్టండి."

పెదాలు మూసి, ముక్కు గట్టిగా పట్టుకుని బిగపట్టింది.

ఛాతీ మాత్రం లేచింది.