పన్నెండింటికి మూడు వేల లీజులు

మోహన్‌కృష్ణను రేణిగుంట జంక్షన్‌లో రైలు కిందికి తోసేశారు. చనిపోయే ముందు అతను సీక్రెట్ డిపార్ట్‌మెంటుకు పంపిన మెసేజ్‌లో నాలుగే మాటలు: "శుక్రవారం. మధ్యాహ్నం. పన్నెండు. లీజులు."

అతని ఆఫీసులో, అతని సీటులోనే సాఫ్ట్‌వేర్ టెస్టర్ వేషంలో సీక్రెట్ ఏజెంట్ ఎస్తేరు చేరి తొమ్మిది రోజులైంది. రేణిగుంటలోని ఆ ఆఫీసులో తయారైన వెబ్ సాఫ్ట్‌వేర్‌లో మూడు వేల చమురు, గ్యాస్ లీజుల వివరాలున్నాయి. ఏ రైతు పొలం, ఏ సర్వే నంబరు, గడువు ఎప్పటివరకు, అన్నీ అందులోనే. ఒక విదేశీ ముఠా దానిలో రహస్య కోడ్ దాచింది. శుక్రవారం పన్నెండు కాగానే గడువు తేదీలన్నీ నిన్నటి తేదీకి జరుగుతాయి. లీజులన్నీ రద్దు. మరుసెకనులో అవే పొలాల లీజులు ముఠా కంపెనీ పేరు మీదికి మారిపోతాయి.

ఈరోజే శుక్రవారం. టైమ్ పదకొండు నలభై ఆరు.

ఎస్తేరు కింది అంతస్తులో, పాత కంప్యూటర్లు పడేసే గదిలో నక్కి ఉంది. పట్టాల మీద మోహన్‌కృష్ణ చెప్పు ఒక్కటే దొరికిందట. అదే పదే పదే గుర్తొస్తోంది.

ఫోన్ అదిరింది. చీఫ్ దేవరాజులు. భోజనం క్యారియర్లు తెచ్చే ఆటోడ్రైవర్ వేషంలో గేటు బయట ఉన్నాడు.

"కొళంబు సల్లారిపోయిందా?"

"ఇంగా ఉడుకుతాండాదన్నా." పులుసు పేరుతో పెట్టుకున్న కోడ్ వర్డ్ సరిపోయింది.

"యాడ ఉండావు పాపా?"

"కింద, పాత కంప్యూటర్ల రూములో. పైన సర్వర్ రూములో తుపాకులోళ్లు ఇద్దురుండారు. నాకు శానా భయంగా ఉండాదన్నా."

"నాకు లేదనుకున్నావా? పొద్దున్నించి మంచినీళ్లు కూడా దిగలేదు. పైన మన నాగవేణి ఉండాది కదా. ధైర్యంగా పో."

నాగవేణి ఏడాది కిందట డిపార్ట్‌మెంటే ఆ ఆఫీసులో మేనేజర్‌గా పెట్టిన ఏజెంట్. అందగత్తె. ఈ సీక్రెట్ ఫోన్ ఇచ్చింది కూడా ఆమే.

"సరే అన్నా. ఉంటా."

ఫోన్ మళ్లీ అదిరితే ప్రాణం పోతుందని దాన్ని అక్కడే వదిలేసి, ఎస్తేరు చెప్పులు లేకుండా వెనక మెట్లెక్కింది. సర్వర్ రూము పక్కనున్న బీరువా వెనక దూరింది.

లోపల స్పీకర్‌లో ముఠా నాయకుడి గొంతు, ఇంగ్లీషులో. "ఆమె ఫోన్ మాటలు ట్రాన్స్‌లేషన్ మెషీన్ పట్టేసింది. 'ఐ విల్ స్టే' అంది. ఆ గదిలోనే ఉంటుంది. అందరూ కిందికి!"

"కాదు సార్! మావాళ్లు ఫోన్ పెట్టేసేటప్పుడు అలాగే అంటారు. ఉంటా అంటే వెళ్తున్నానని!"

ఆ గొంతు నాగవేణిది. ఎస్తేరు రెండు చేతులతో నోరు మూసుకుంది.

"స్క్రీన్ మీద 'స్టే' అని ఉంది. ఫోన్ సిగ్నల్ కూడా ఆ గదిలోనే ఉంది. నువ్వూ వెళ్లు."

"నీ మెషీన్ పాడుగాను," నాగవేణి తెలుగులో గొణిగింది. హైహీల్స్ చప్పుడు, వెనకే బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయాయి.

పదకొండు యాభై ఎనిమిది.

బీరువా వెనక నుంచి వచ్చి సర్వర్ రూములోకి దూరితే, అడ్మిన్ పేజీ తెరిచే ఉంది. ఎస్తేరు రహస్య కోడ్‌ను వెతికి పట్టుకుంది. 'ఆపు' నొక్కింది. 'నిజంగానే ఆపాలా?' అని అడిగింది స్క్రీన్. నొక్కింది. చక్రం తిరుగుతోంది. మెట్ల మీద హైహీల్స్ మళ్లీ పైకి వస్తున్నాయి. పదకొండు యాభై తొమ్మిది దాటి యాభై ఆరు సెకన్లు. యాభై ఎనిమిది.

'కోడ్ ఆగిపోయింది.'

తలుపు దభాలున తెరుచుకుంది. నాగవేణి పిస్టల్ ఎత్తింది. అంతలో ఆమె మెడకు వెనక నుంచి ఇంకో పిస్టల్ తగిలింది.

"మేడం, క్యారియర్ వచ్చినాది," అన్నాడు దేవరాజులు. తుపాకులవాళ్లు కిందికి పరిగెత్తడం గేటు నుంచి చూసి పోలీసులతో లోపలికి దూసుకొచ్చాడు. వాళ్లిద్దరికీ పాత కంప్యూటర్ల గదిలోనే బేడీలు పడ్డాయి.

గేటు దగ్గర అడిగాడు. "భయపడినావా పాపా?"

"అప్పుడు కొంచెం. ఇప్పుడేం లేదన్నా."

"అట్లయితే ఆఫీసోళ్ల మౌస్ యాడికి తీస్కపోతాండావు?"

ఎస్తేరు చేతిని చూసుకుంది. వేళ్లు మౌస్ చుట్టూ బిగుసుకుపోయి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా విప్పడానికి, మూడు వేల లీజులు కాపాడినదానికంటే ఎక్కువ సేపే పట్టింది.