జరుగు పునాది

2078లో కాలువపాలెంలో ఇల్లు జరగడం వింతేమీ కాదు. పెద్ద బండికి ముందు నడిచే పైలట్ బండి సైరన్ వినపడగానే ఇంట్లో ఎవరో ఒకరు గోడ మీది మీట నొక్కుతారు. ఇల్లు పెరటి వైపు నాలుగు గజాలు జారుతుంది. పెద్ద బండి దాటిపోయాక దానంతటదే ముందుకు వస్తుంది. పొయ్యి మీద పాలు కూడా తొణకవు.

ఆ పునాదిని కనిపెట్టింది డాక్టర్ భార్గవి. కింద అయస్కాంతపు పలకలు పరిచి, కరెంటు పారగానే ఇల్లు వెంట్రుకవాసి పైకి తేలేలా చేసింది. ఇంజనీర్లు దాన్ని 'మాగ్నెటిక్ స్లైడ్ ఫౌండేషన్' అంటే, ఆవిడ 'జరుగు పునాది' అంది. బస్సులో పక్కవాళ్లను అడిగే మాటే కదా, జనానికి ఇట్టే పట్టుబడింది. తేలాలంటే తేలిగ్గా ఉండాలి కాబట్టి ఊళ్లో ఇళ్లన్నీ ఒంటి అంతస్తువే.

ఆ మధ్యాహ్నం, భార్గవే నడకా మాటా నేర్పిన 'ఐరావతం' అనే ట్రైలర్ ఊళ్లోకి వచ్చింది. దాని మీద పడుకోబెట్టి ఉన్నది ఉప్పుటేటికి బిగించాల్సిన ఉక్కు గేటు. పాతది విరిగిపోయింది. సాయంత్రానికి తుఫాను తీరం దాటుతుందట. ఈలోగా గేటు దించకపోతే ముందు మునిగేది ఏటిగట్టు కాలనీ. గేటు వస్తోంది కదా అని అక్కడ ఎవరినీ ఖాళీ చేయించలేదు. ట్రైలర్ నడిపే సుభానీ భార్యాపిల్లలు ఉండేది ఆ కాలనీలోనే.

"చూశారా మేడం, ఇళ్లు పెద్దమనుషుల్లా తప్పుకున్నాయండి," అన్నాడు సుభానీ, క్యాబిన్‌లో పక్కన కూర్చున్న భార్గవితో.

మలుపు తిరిగేసరికి అతని నవ్వు ఆగిపోయింది. ఇళ్లు వదిలిన జాగాలో ఎవరో కారు పెట్టారు, చెట్టు కింద ఉంటే కొమ్మ విరిగి పడుతుందని. ఆ కారును చూసి ఇంకో నాలుగు వచ్చాయి. ఒక టిఫిన్ బండి వెలిసింది. గేటును చూడ్డానికి వచ్చినవాళ్లు కుర్చీలు కూడా తెచ్చుకున్నారు.

"కారు తియ్యండి బాబూ! అవతల ఏరు పొంగుతోంది!" అని అరిచాడు సుభానీ.

"నా ఒక్కడి కారే కనపడిందా? ముందు ఆ టిఫిన్ బండిని తియ్యమను," అన్నాడు కారాయన.

"కార్లు తీస్తే నేనూ తీస్తానండి," అన్నాడు టిఫిన్ బండి మనిషి.

"ఐరావతం, మెల్లగా తోసుకుంటూ పో," అంది భార్గవి.

"కుదరదు మేడం. మనుషులున్నారు. మనిషికి తగిలేలా నడవకూడదని మీరే నేర్పారు."

"పోనీ, వెనక్కి?"

"ఇళ్లు మళ్లీ ముందుకు వచ్చేశాయి. ఇప్పుడే కరెంటు పోయింది. ఇక కదలవు."

భార్గవికి ఏడుపొచ్చింది. ఎంత పెద్ద ఇంటినైనా జరపగలదు ఆవిడ. ఆ కారాయన్ను జరపడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు.

సుభానీ ఫోన్ చేశాడు. "రమీజా, పిల్లల్ని తీసుకుని బండి కాడికి వచ్చెయ్. బండి మీదైతే ఎత్తుగా ఉంటుంది."

నీళ్లు వచ్చాయి. అందరికంటే ముందు ట్రైలర్ ఎక్కింది కారాయనే. తర్వాత తక్కినవాళ్లు సంచులతో, కుర్చీలతో సహా ఎక్కారు. మెట్ల మీద కూడా జనం కూర్చోవడంతో క్యాబిన్ తలుపు తెరుచుకోలేదు. నడుము లోతు నీళ్లలో రమీజా వచ్చింది. చంకలో చిన్నది, వీపు మీద పెద్దది.

"అన్నా, కాస్త జరగండి. పిల్లలనైనా ఎక్కించుకోండి."

"జాగా ఎక్కడుందమ్మా?" అన్నాడు కారాయన, నిజంగానే జాలిపడుతూ.

"నా పిల్లలయ్యా! జరగండయ్యా!" సుభానీ అద్దం మీద గుద్దుతున్నాడు. గాలి హోరులో అతని మాట ఎవరికీ వినపడలేదు.

"ఐరావతం, ఇంకెంతమంది పడతారు?" అని అడిగింది భార్గవి.

"బరువుకైతే ఊరంతటినీ మోస్తాను మేడం. జాగాకైతే, ఒక్కొక్కరు జానెడు జరిగితే కింద ఉన్నవాళ్లందరూ పడతారు. చెప్పమంటారా?"

"చెప్పు, తొందరగా చెప్పు!"

మైకులో ఐరావతం గొంతు వీధంతా వినపడింది. "దయచేసి అందరూ కొంచెం జరగండి."

అందరూ పక్కవాళ్ల వైపు చూశారు.