నెక్స్ట్ నొక్కే ముందు

అటక మీది పాత సీపీయూని తుక్కుకి వేసేద్దామని సృజన్ అన్నాడు. రుచిత వినలేదు. పదకొండేళ్ల కింద షేర్ ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని తిరిగింది తను.

అప్పుడు ఝరాసంగంలో ఆమె తండ్రి రామచందర్‌కి జిరాక్స్ షాపు ఉండేది. డిగ్రీ అయిన రుచిత అక్కడ ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపేది. ఒక్క అక్షరం తప్పు పోనిచ్చేది కాదు. ఒకరోజు బ్రౌజర్ తెరిస్తే ముక్కూమొహం తెలియని సెర్చ్ పేజీ వచ్చింది. ఏది నొక్కినా ప్రకటనలే.

జహీరాబాద్‌లో సృజన్ రిపేరు షాపుకి తీసుకెళ్లింది. అతను బాగుచేసి ఇచ్చాడు. రెండు రోజులకే ఆ పేజీ మళ్లీ ప్రత్యక్షం.

రెండోసారి వెళ్లినప్పుడు సృజన్ తాపీగా వివరించాడు.

"ఇది అల్లం చేన్ల తుంగ తీరు మేడం. పైన పీకితే పోదు, కింద గడ్డ ఉంటది. బ్రౌజర్‌ల ఒకటి, షార్ట్‌కట్‌ల ఒకటి, కంప్యూటర్ ఆన్ కాంగనే లేసేది ఇంకోటి. ఒకదాన్ని తీస్తే మిగిలినయి దాన్ని మల్ల తెస్తయి. మీరు కొట్టే పాస్‌వర్డులు గూడ చూస్తుండొచ్చు."

ఊళ్లో సగం మంది పాస్‌వర్డులు ఆ కీబోర్డు మీదుగానే పోయాయి. అందరినీ పిలిచి మార్పించింది. సృజన్ మళ్లీ బాగుచేసి ఇచ్చినా ఆ పేజీ మూడోసారి కూడా వచ్చింది. షాపుకి రావడానికి జనం జంకుతున్నారు.

ఈసారి సృజన్ షాపులో నలుగురి ముందే అడిగేసింది. "మల్ల మల్ల రావాలని గడ్డ మీరే మిగిలిస్తున్నరా?"

అతను సీపీయూ ఉంచి వెళ్లమన్నాడు, అంతే.

నాలుగో రోజు రామచందర్ వెళ్లి తెచ్చాడు. దాని మీద టేపుతో అంటించిన కాగితం ఉంది: 'నెక్స్ట్ నొక్కే ముందు చదవండి.'

ఇదేం ఎత్తిపొడుపు అనుకుంది. అంతలో ఒక అమ్మాయి అప్లికేషన్‌కి ఫొటో సైజు తగ్గించమంది. రుచిత అలవాటుగా పెన్‌డ్రైవ్ పెట్టి, ఫొటోలు చిన్నవి చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించబోయింది. నెక్స్ట్, నెక్స్ట్... వేలు ఆగింది. కింద చిన్న అక్షరాలు. 'ఈ సెర్చ్ పేజీని కూడా పెట్టాలి' అన్న గడిలో ముందే టిక్కు. బాగైన ప్రతిసారీ షాపుకి తేగానే తను చేసిన మొదటి పని ఇదే.

మర్నాడు ఆటో దిగేసరికి వాన. తడిసిన చున్నీతో కౌంటర్ మీద పెన్‌డ్రైవ్ పెట్టింది.

"గడ్డ నా దగ్గరనే ఉండె. మిమ్మల్ని ఊకెనే అన్న."

"మొదటి దినమే దొరికింది" అన్నాడు సృజన్. "ఏది ఎప్పుడు ఎక్కిందో టైము చూస్తే తెలిసింది."

"మరి నాలుగు దినాలు ఎందుకు పెట్టుకున్నరు?"

అతను చూరు మీంచి కారుతున్న వానని చూశాడు. "అడగనీకి మీరొస్తరనుకున్న. మీ నాయిన వచ్చిండు."

రుచితకి నవ్వు ఆగలేదు. నవ్వి, చాలాసేపు అతని మొహం చూసింది, చిన్న అక్షరాలు కూడా వదలకుండా.

"మొత్తం చదివిన" అంది. "నొక్కుతున్న."

ఇవాళ సీపీయూ దుమ్ము తుడుస్తుంటే పసుపెక్కిన ఆ కాగితం కనిపించింది. టేపు ఒక మూల లేచింది. సృజన్ దాన్ని పీకబోయాడు.

"పీకకు" అంది రుచిత. "అది గడ్డ."

అతను చెయ్యి తీసేసి, సీపీయూని మళ్లీ అటకెక్కించాడు.